పేరులోంచి పుట్టే పిలుపు

మేనకోడలు ఫోను చేసింది. పాప పుట్టి అప్పటికి ఇరవై మూడు రోజులు. "మామయ్యా, పేరు ఖాయమైంది. కాత్యాయని. ఇక ముద్దుపేరు ఒక్కటే మిగిలింది, అది నువ్వే చెప్పాలి" అంది. ఇంట్లో అప్పటికే పెద్ద చర్చ జరిగిందట. పాప బాబాయి క్యాటీ అన్నాడట. నాయనమ్మ బంగారు అందామన్నదట. పాప తండ్రి ఒక కాగితం మీద పదకొండు పేర్లు రాసి, ఇంట్లో ఒక్కొక్కరినీ తమకు నచ్చినదాని పక్కన గుర్తు పెట్టమన్నాడట. ఎక్కువ గుర్తులు చిన్ను అనే పేరుకు వచ్చాయి. మేనకోడలికి అది నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో సరిగ్గా చెప్పలేకపోయింది. "పక్కింట్లో ఒక చిన్ను ఉన్నాడు మామయ్యా, పై అంతస్తులో ఇంకో చిన్ను ఉంది" అని మాత్రం అంది.

రెండు రోజులు ఆగమన్నాను. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ముద్దుపేరు అసలు పేరులోంచి రావాలి. ఎక్కడినుంచో తెచ్చి అతికించేది అయితే, అసలు పేరు క్రమంగా కాగితాలకే పరిమితమైపోతుంది, మనిషికి తన పేరే పరాయిదవుతుంది. ఇది చాదస్తమని అనుకునేవాళ్లు ఉంటారు. నాకు ఈ అభిప్రాయం పుస్తకాలు చదివి వచ్చింది కాదు, మా అమ్మ వల్ల వచ్చింది.

నా పేరు వెంకట సుబ్రహ్మణ్యం. మా తాతగారి పేరు సుబ్రహ్మణ్యం. పెద్ద మనవడికి తాత పేరు పెట్టడం అప్పట్లో మామూలు సంగతి. అందులో ఒక చిక్కు ఉండేది. కోడలు మామగారి పేరు నోటితో పలకకూడదు. అంటే బిడ్డకు పేరు పెట్టిన రోజు నుంచే కన్నతల్లికి ఆ పేరు నిషిద్ధం. మన ఇళ్లలో అబ్బాయి, బాబు, నాన్నా, చిన్నా అనే పిలుపులు అన్ని తరాలుగా నిలిచిపోవడానికి ఇదొక కారణం. ముద్దు ఎక్కువై పుట్టిన పిలుపులు కొన్ని, పేరు పలికే వీలు లేక పుట్టినవి మరికొన్ని. మా అమ్మకు అయిదేళ్లపాటు నేను నాన్ననే. నాకూ అదే నా పేరని నమ్మకం.

బడిలో చేర్పించడానికి నాన్న ఊళ్లో లేని రోజున అమ్మే తీసుకెళ్లింది. ఆ గది నాకు బాగా గుర్తుంది. ఎత్తైన బల్ల, దాని మీద బారెడు పొడుగు రిజిస్టరు, సిరాబుడ్డి. నా తల ఆ బల్ల అంచుకు కూడా అందలేదు. మాస్టారు కలం ముంచి "కుర్రవాడి పేరేమిటమ్మా?" అన్నారు. అమ్మ నా వైపు చూసింది, చెప్పమన్నట్టు. నేను "నాన్న" అన్నాను. మాస్టారు నవ్వి, మళ్లీ అమ్మనే అడిగారు. అమ్మ కొంగు చివర వేలికి చుట్టుకుంటూ "వాళ్ల తాతగారి పేరేనండి" అంది. మాస్టారికి అర్థమైంది. మా తాతగారు ఆయనకు తెలిసినవారే. ఏమీ అనకుండా రాసుకున్నారు. తర్వాత రిజిస్టరు నావైపు తిప్పి, నన్ను ఎత్తుకుని ఆ అక్షరాలు చూపించి, ఒక్కొక్కటిగా పైకి చదివారు. అంత పెద్ద పేరు నాదని తెలియడం అదే మొదటిసారి.

తిరుగుదారిలో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఇంటి మలుపు దగ్గర ఆగి, వంగి నా చొక్కా సర్దుతూ "నిన్ను మణీ అని పిలుస్తాను, పలుకుతావా?" అంది. సుబ్రహ్మణ్యంలోని చివరి ముక్క అది. మామగారి పేరు మొత్తం పలకలేదు కనుక ఆచారం తప్పినట్టు కాదు. కొడుకు పేరులోనిదే కనుక బిడ్డను పేరు పెట్టి పిలిచినట్టూ అయింది. ఆ సాయంత్రం పెరట్లోంచి "మణీ, స్నానానికి రా" అని అమ్మ కేక వేస్తే, వసారాలో పత్రిక చదువుకుంటున్న తాతగారు తలెత్తారు. కేక వచ్చిన వైపు ఓసారి చూశారు. మళ్లీ పత్రికలోకి తల దించుకున్నారు. మరునాటి నుంచి ఆయన కూడా నన్ను మణి అనే పిలిచారు.

ముద్దుపేరు ఎంత పని చేయగలదో నాకు తెలిసింది అక్కడే. అందుకే దాన్ని గుర్తులు పెట్టి ఎంచుకుంటున్నారంటే మనసు ఒప్పలేదు.

ఒక పేరును ఎన్ని విధాలుగా మడవవచ్చో తెలుగువాళ్లకు ఎవరూ నేర్పనక్కరలేదు. సుబ్రహ్మణ్యాన్నే చూడండి. ముందు భాగం పట్టుకుంటే సుబ్బు, సుబ్బయ్య, సుబ్బారావు. చివర పట్టుకుంటే మణి. ముందు బాల చేరితే బాలు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం (1946–2020) అన్ని భాషల్లో అన్ని పాటలు పాడినా తెలుగువాళ్లకు చివరిదాకా బాలుగారే. మా తాతగారు తోటివారికి సుబ్బయ్య, ఆయన అక్కగారికి సుబ్బులు, సంతకంలో మాత్రం పూర్తి సుబ్రహ్మణ్యం. శ్రీనివాసులో శీను ఉన్నాడు, వాసు ఉన్నాడు. ఒకే తరగతిలో ఇద్దరు శ్రీనివాసులు ఉంటే ఒకరు శీను, ఒకరు వాసు అయిపోవడం ఎన్నిసార్లు చూశానో. సూర్యనారాయణ సూరి అవుతాడు, సత్యనారాయణ సత్యం అవుతాడు. వేణుగోపాలులో వేణు, గోపి ఇద్దరూ ఉన్నారు. రాజ్యలక్ష్మి రాజీ, విజయలక్ష్మి విజ్జి, రుక్మిణి రుక్కు, పద్మావతి పద్దు. వరలక్ష్మిని మడిస్తే వరం వస్తుంది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మడత అదే. బిడ్డను పిలిచిన ప్రతిసారీ ఆ మాట నోటికి రావడం ఎంత బాగుంటుంది!

ఈ మడతల్లో ఒక లయ కూడా ఉంది. సుబ్బు, రుక్కు, విజ్జి, పద్దు, కిట్టు, రాము, గోపి, శీను, వాసు, బాలు. అన్నీ ఒక గురువు, ఒక లఘువు. ఛందస్సులో దీన్ని గలం అంటారు, హగణమని కూడా అంటారు. మొదటి అక్షరం దీర్ఘమైతే దాన్ని అలాగే ఉంచుతాం. హ్రస్వమైతే పక్క హల్లును ఒత్తి దానికి బరువు ఇస్తాం. రుక్మిణిలోని సంయుక్తాక్షరం రుక్కులో ద్విత్వమైంది. పద్మావతి పద్దు అయినదీ అందుకే. చదువురాని అవ్వ కూడా ఈ లెక్క తప్పదు. ఇక దూరం నుంచి పిలిచేటప్పుడు చివరి అక్షరం సాగుతుంది. సుబ్బూ, విజ్జీ, గోపీ. పిలుపు పెరడు దాటి వెళ్లాలంటే చివర సాగేందుకు అచ్చు ఉండాలి. మణి మాత్రం ఈ లెక్కలోకి రాదు, రెండూ లఘువులే. కానీ సాగడంలో దానికి ఏ లోటూ లేదు. అమ్మ గొంతు ఎంత దూరంనుంచైనా వినిపించేది.

దేవుళ్ల పేర్లను కూడా మనం వదల్లేదు. వేంకటేశ్వరుడు వెంకన్న, మల్లికార్జునుడు మల్లన్న, వీరభద్రుడు వీరన్న, వేములవాడ రాజరాజేశ్వరుడు రాజన్న. విష్ణువును వెన్నుడని, లక్ష్మిని లచ్చి అని, శ్రీని సిరి అని చేసుకున్న నాలుక మనది. బడిలో వీటినే ప్రకృతి, వికృతి అని వల్లె వేయించారు. వికృతి అన్న మాట ఎవరు పెట్టారో గాని, సిరిలో నాకు ఏ వికారమూ కనిపించదు. కవుల సంగతీ అంతే. అన్నమాచార్యులు అన్నమయ్య, త్యాగరాజు త్యాగయ్య. పోతన, తిక్కన అన్న పేర్ల చివర ఉన్నది అన్న అనే మాటే. నన్నయ చివర ఉన్నది అయ్య. పేరును కుదించి, ఆ ఖాళీలో ఒక చుట్టరికాన్ని కూర్చోబెడతాం. పేరు పొట్టిదవుతుంది, మనిషి మాత్రం దగ్గరవుతాడు, మర్యాదా తగ్గదు. ఇంత చక్కని పద్ధతి చేతిలో ఉండగా చిన్ను, బన్నీ, స్వీటీ దగ్గరికి ఎందుకు పరుగెత్తాలి?

రచయితలైతే తమ పేర్లను తామే మడుచుకున్నారు. శ్రీరంగం శ్రీనివాసరావు శ్రీశ్రీ అయ్యారు. చాగంటి సోమయాజులు చాసో, కొడవటిగంటి కుటుంబరావు కొకు, రాచకొండ విశ్వనాథశాస్త్రి రావిశాస్త్రి. రాచమల్లు రామచంద్రారెడ్డి అనే నిండైన పేరు రారా అయి కూర్చుంది. పేరు చెబితేనే రమ్మని పిలిచినట్టు ఉంటుంది. ఇంటిపేరునూ సొంత పేరునూ కలిపి పొదిగిన ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. మొత్తం పేరు ఆ రెండక్షరాల్లోనే దాగి ఉంటుంది, ఎవరికి కావాలంటే వాళ్లు విప్పుకోవచ్చు.

నేను చెప్పేది సరిగ్గా ఇదే. మంచి ముద్దుపేరును వెనక్కి విప్పితే అసలు పేరు దొరకాలి. దొరకకపోతే ఏమవుతుందో మా పెద్దమ్మ దగ్గర చూశాను.

ఆమెను ఇంటిల్లిపాదీ చిట్టి అనేవారు. తోబుట్టువులకు చిట్టి, మాకు చిట్టి పెద్దమ్మ, మనవలకు చిట్టి అమ్మమ్మ. డెబ్బై రెండేళ్ల వయసులో కంటి పరీక్షకు నేనే ఆస్పత్రికి తీసుకెళ్లాను. చీటీ ఆమె కొడుకు ముందే రాయించి ఉంచాడు. వరుసగా కుర్చీలు, గోడ మీద గడియారం, మా ఇద్దరి మధ్య ఆమె చేతిసంచి. నర్సు తలుపు తీసి "త్రిపురసుందరి గారూ" అని పిలిచింది. ఎవరూ లేవలేదు. మళ్లీ పిలిచింది. పెద్దమ్మ చుట్టూ చూసి "పాపం, ఎవరో ఇంకా రాలేదు" అంది నాతో. నేనూ తల ఊపాను. మూడోసారి నర్సు ఇంటిపేరుతో సహా, వయసుతో సహా చదివింది. అప్పుడు పెద్దమ్మ చేయి సంచి మీద ఆగిపోయింది. మెల్లగా నావైపు తిరిగి "నన్నేనేమో రా" అంది.

కన్నకొడుకులా పెంచిన నాకు ఆమె పేరు తెలియదు. నలభై ఏళ్లు ఆమె చేతి అన్నం తిన్న నాకు! ఆ రోజు నేను పడిన సిగ్గు ఇంకా పోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఆమె ఆ పేరును తనలో తాను రెండు మూడుసార్లు అనుకోవడం విన్నాను. "పెళ్లినాడు పురోహితుడు పలికాడు, మళ్లీ ఇవాళే" అంది. కాస్త ఆగి, వాళ్ల నాన్నగారు సుందరీ అని పిలవాలని ముచ్చటపడ్డారని, అంత పేరు చిన్నపిల్లకు ఎందుకు, చిట్టి చాలులే అని మిగతావాళ్లు అన్నారని చెప్పింది. ఆ నాన్నగారు ఆమెకు ఏడో ఏట పోయారు. సుందరీ అనే పిలుపు ఆయనతోనే పోయింది. చిట్టి అనే మాటలో ప్రేమ లేదని నేను అనను. ఎంతో ఉంది. అయితే ఆ మాట ఇంట్లో అందరికన్నా చిన్నపిల్ల కోసం పుట్టింది. ఆమె పెరిగింది, పెళ్లయింది, ముగ్గురు పిల్లల్ని పెంచింది, ఇంటిని ఒంటిచేత్తో నడిపింది. పిలుపు మాత్రం ఉయ్యాల దగ్గరే ఉండిపోయింది.

నా వాదనకు ఎదురు నిలిచే పేర్లు ఉన్నాయి, వాటిని దాచిపెట్టడం న్యాయం కాదు. సింహాచలంలో వరాహలక్ష్మీనరసింహస్వామిని భక్తులు అప్పన్న అంటారు. ఆ పేరును ఎంత విప్పినా నరసింహుడు దొరకడు. సత్తిరాజు లక్ష్మీనారాయణ (1933–2014) అంటే తెలిసేది ఎంతమందికి? బాపు అంటే తెలియనిది ఎవరికి? నిజమే. అయితే ఈ రెండు పేర్లూ ఎంత వాడుక వల్ల నిలిచాయో చూడండి. ఒకదాన్ని తరతరాల జనం పలికారు. రెండోదాన్ని ఒక మనిషి తన జీవితమంతా బొమ్మల కింద సంతకం చేశాడు. బయటినుంచి వచ్చిన పేరు అలా మనిషికి అతుక్కోవాలంటే అంత వాడుక కావాలి, ఆ మనిషి ఇష్టమూ కావాలి. చిట్టి పెద్దమ్మకు ఆ అవకాశం రాలేదు. బెంగాలీలు ఈ చిక్కును మరోలా విప్పుకున్నారు. ఇంటికి డాక్‌నామ్ వేరు, లోకానికి భాలోనామ్ వేరు, రెండూ సమాన హోదాతో నడుస్తాయి. సత్యజిత్ రాయ్ ఇంట్లో మాణిక్. వాళ్లకు రెండో పేరు కూడా పెట్టిన పేరే. మనకు అది కేవలం నోటికి వచ్చిన పిలుపు, అందుకే ఏది పడితే అది వచ్చి కూర్చుంటుంది.

పేరును కుదించే హక్కు ఎవరిది అన్న ప్రశ్న ఇంకా బరువైనది. దీన్ని తేలిగ్గా దాటిపోతే నేను చెప్పినదంతా సగం అబద్ధమే అవుతుంది.

మా తాతగారి ఇంట్లో ఇద్దరు సుబ్బయ్యలు ఉండేవారు. ఒకరు తాతగారు. రెండోవాడు పొలం పని చూసే పాలేరు, తాతగారికన్నా నాలుగేళ్లు పెద్ద. తాతగారిని ఊరంతా సుబ్బయ్యగారు అనేది. ఆ రెండో ఆయనను ఊరంతా, పదేళ్ల పిల్లలతో సహా, సుబ్బిగాడు అనేది. పేరు ఒకటే, మడత వేరు. ఒకరికి చివర అయ్య నిలిచి, దానిమీద గారు చేరింది. ఇంకొకరికి ఆ అయ్యను కోసేసి గాడు తగిలించారు. ఆయన పేరులోంచే వచ్చిన పిలుపే అది, నా నియమం ప్రకారం తప్పు పట్టడానికి వీల్లేదు! పేరులోంచి వస్తే చాలదని అందుకే అంటున్నాను. ఆ పిలుపుకు పలికే మనిషి దాన్ని ఇష్టంగా పలకాలి. వయసునూ కష్టాన్నీ తీసివేసి మిగిల్చిన పిలుపు ముద్దుపేరు కాదు. మన ఊళ్లలో కులమూ ఆస్తీ చూసి ఎందరి పేర్లను ఇలా నరికామో తలచుకుంటే, అయ్య, అన్న అనే చక్కని పద్ధతి గురించి ఇందాక నేను పడిన మురిపెం నాకే గుచ్చుకుంటుంది. ఆ చక్కదనం అందరికీ సమానంగా అందలేదు.

ఆ ఇంట్లో ఆయనను సుబ్బిగాడు అనని మనిషి ఒక్కరే, మా అమ్మ. మామగారిని ఊరంతా పిలిచే సుబ్బయ్య అన్న పేరే అందులో వినిపిస్తుంది కనుక ఆమె ఆ మాట నోట పలకలేదు. అందుకని పెద్దయ్యా అని పిలిచేది. ఆచారం ఆమెను కట్టేసింది, ఆ కట్టుబాటు వల్లే ఆ ఇంట్లో ఒక్కరి నోటైనా ఆయనకు వయసుకు తగిన పిలుపు దక్కింది. నేను అమ్మను చూసి పెద్దయ్యా అనడం నేర్చుకున్నాను. పెద్దయ్య నన్ను మాత్రం పూర్తిగా సుబ్రహ్మణ్యం బాబూ అనేవాడు, ఒక్క అక్షరం మింగకుండా.

అలాంటిదే ఇంకో రూపంలో నాకూ ఎదురైంది. మొదటి ఉద్యోగంలో పై అధికారి ఒకాయన నా పేరు చూసి, నన్ను అడగకుండానే సబ్ అని కుదించాడు. సమావేశాల్లో సబ్, ఉత్తరాల్లో సబ్. ఆయనలో చెడ్డ ఉద్దేశం లేదు, తొందర మాత్రమే ఉంది. ఏడాదిపాటు పలికాను. పలికిన ప్రతిసారీ ఎవరో అద్దె మనిషి నా కుర్చీలో కూర్చున్నట్టు ఉండేది. తర్వాత కొత్తగా వచ్చిన ఒకావిడ మొదటి రోజే "మిమ్మల్ని ఏమని పిలవమంటారు?" అని అడిగింది. మణి అన్నాను. అమ్మ తప్ప, ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ అనని పేరు ఆఫీసులో మొదటిసారి అలా నా నోట వచ్చింది. ఆ ప్రశ్నకు ఖర్చేమీ లేదు. పెద్ద పేరు పలకడం కష్టమైన ప్రతివాళ్లూ ముందు అడగవలసిన మాట అదొక్కటే.

పిల్లల విషయంలోనూ అంతే. బిడ్డ అడిగే వయసు వచ్చాక, నన్ను అలా పిలవవద్దు అంటే మానేయాలి. పదమూడేళ్ల పిల్లవాడు స్నేహితుల ముందు పండూ అని పిలవవద్దమ్మా అంటే నవ్వి తోసేసే తల్లిదండ్రులను చూశాను. పాతికేళ్లకు శుభలేఖలో కూడా పేరు పక్కన బ్రాకెట్లో పండు అని అచ్చు వేయిస్తారు. వాళ్ల ముచ్చట నాకు అర్థమవుతుంది. ఆ బ్రాకెట్లో ఉన్న మనిషిని కూడా ఒకసారి అడిగి ఉండాల్సింది. పేరు మడతే అయితే ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు. శీను ఎనిమిదేళ్లకూ శీనే, ఎనభై ఏళ్లకూ శీనుగారే. వాసుగారు, గోపిగారు, విజ్జిగారు అనండి, గారు చక్కగా అతుకుతుంది. పండుగారు అని ఒకసారి పైకి అని చూడండి.

పైకి అనడమే అసలు పరీక్ష. కాగితం మీద బాగున్నవి నోట్లో నిలవవు. మడిచాక ఇంకో మాట ఏదైనా తయారవుతోందా అనీ చూసుకోవాలి. అపర్ణను, అపూర్వను కొందరు అప్పు అంటారు. ఆ పిల్లలు బడిలో ఎన్నేళ్లు ఆ మాట మోస్తారో పిలిచేవాళ్లు ఆలోచించరు. కోపంలో ఎలా ఉంటుందో కూడా చూడాలి. తెలుగు తల్లికి కోపం వస్తే పూర్తి పేరు బయటికి వస్తుంది. రోజూ విజ్జీ అనే మనిషి ఒక్కసారి విజయలక్ష్మీ అన్నదంటే ఇల్లంతా నిశ్శబ్దం. పేరుకు రెండు పొడవులు ఉండటంలో ఈ సౌకర్యం ఉంది.

ఇప్పుడు పుట్టే పిల్లలకు అసలు పేరే రెండక్షరాలు. ఆద్య, రియా, వియాన్. వినడానికి బాగుంటాయి, దరఖాస్తుల్లో సులువుగా పడతాయి. అయితే మడవడానికి అందులో గుడ్డ లేదు. మడవలేక, ముద్దు ఆపుకోలేక, పక్కనుంచి చిన్నునో బన్నీనో తెచ్చుకుంటున్నారు. నా మటుకు నేను ధైర్యంగా పెద్ద పేరే పెట్టమంటాను. నాలుగైదు అక్షరాల పేరు పెట్టండి, తాతదో అవ్వదో ఉంటే ఇంకా మంచిది. పలకడం కష్టమన్న భయం వద్దు. పలికే నోళ్లు దాన్ని అరగదీసుకుంటాయి.

రెండు రోజుల తర్వాత మేనకోడలికి ఫోను చేశాను. క్యాటీ వద్దన్నాను. అందులో కాత్యాయని వినిపించదు, ఇంకెవరో వినిపిస్తారు. బృహదారణ్యకోపనిషత్తులో యాజ్ఞవల్క్యుడి ఇద్దరు భార్యల్లో ఒకామె కాత్యాయని. దుర్గాదేవికీ అదే పేరు. భాగవతంలో గోపికలు నోచిన వ్రతమూ కాత్యాయనిదే. అంత నడక నడిచి వచ్చిన పేరును గుమ్మంలోనే నిలబెట్టవద్దన్నాను.

"సరే మామయ్యా, మరి ఏది పెట్టమంటావు?" అంది.

"ఏదీ పెట్టవద్దు. పూర్తి పేరుతో పిలువు. నాలుగక్షరాలేగా."

ఆమెకు కాస్త కోపం వచ్చింది. రెండు రోజులు ఆగమని చివరికి చెప్పింది ఇదా అంది. పాలు తాగించేటప్పుడు, నిద్రపుచ్చేటప్పుడు, రాత్రి రెండింటికి లేచినప్పుడు కాత్యాయనీ కాత్యాయనీ అని ఎవరు అనగలరంది. అనలేకపోయిన చోట నీ నోరే ఏదో ఒకటి చేస్తుంది, చేసేదాకా చూడు అన్నాను. మా అమ్మ మణిని వెతుక్కోవడానికి అయిదేళ్లు పట్టిందని చెప్పాను. ఆ కథ తనకు తెలియదు. మొత్తం విని, చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత ఇంట్లో ఆ కాగితం మళ్లీ ఎవరూ తీయలేదట.

మొన్న ఆదివారం మళ్లీ ఫోను చేసింది. పాపకు నాలుగో నెల నడుస్తోంది, బోర్లా పడుతోందట. టీకాల గురించి, నిద్ర లేని రాత్రుల గురించి చెబుతోంది. వెనక పాప ఏడుపు అందుకుంది. మేనకోడలు ఫోను పక్కకు తిప్పి "వస్తున్నానే కాతూ, వస్తున్నా, ఒక్క నిమిషం" అని, వెంటనే నా దగ్గరికి వచ్చి, ఎక్కడ ఆపిందో అక్కడినుంచి టీకాల సంగతి అందుకుంది. తన నోట ఏం వచ్చిందో తనకు తెలిసినట్టు లేదు. నేనూ గుర్తు చేయలేదు.